పైవరస

పోయిన వేసవి దాకా మా బాత్రూములో తలస్నానం చేయడమంటే నాకు దినదిన గండంగా ఉండేది. గోడకు ఏడడుగుల ఎత్తు వరకే టైల్స్, ఆపైన సున్నం. వేన్నీళ్ల ఆవిరికి ఆ సున్నం ఉబ్బి పెచ్చులు లేచేది. సరిగ్గా నేను తలకు కుంకుడురసం పోసుకుని కళ్లు మూసుకున్నప్పుడే ఆ పెచ్చులు నెత్తిన రాలేవి. ఏటా పెయింటు వేయించడం, ఏటా అది రాలడం. ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరైనదాన్ని, లెక్క తేలని పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక పెయింటు మాట ఎత్తొద్దు, కింది నుంచి స్లాబు దాకా టైల్సే వేయిద్దామని మా ఆయనతో తేల్చి చెప్పాను.

స్లాబు దాకా ఎవరూ వేయరు, నీకన్నీ విడ్డూరాలే అన్నాడాయన. ఎందుకు వేయరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంటి స్లాబు వంకర.

దాని కథ చెప్పాలి. మా మామగారు వినగడపలో వ్యవసాయం చేసుకునే మనిషి. పిల్లల చదువుల కోసం తిరువూరులో స్థలం కొని ఇల్లు కట్టాడు. ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తు చెప్పే ఆయనెవరో ఆయన బుర్రలోకి గట్టిగా ఎక్కించాడు. వాన నీళ్లు ఆ మూలకు పోవడానికి స్లాబు పైపూతలో కాస్త వాలు ఇస్తారు అందరూ. మా మామగారికి అది దొంగ వాస్తులా అనిపించింది. పూతలో ఇచ్చిన వాలు కూడా ఒక వాలేనా, ఇల్లే ఈశాన్యానికి వాలాలని, కాంక్రీటు పోయడానికి కింద కొట్టే సెంట్రింగు చెక్కలనే నైరుతిలో ఎత్తుగా, ఈశాన్యంలో పల్లంగా కొట్టించాడు. కట్టే మేస్త్రీ మొత్తుకున్నా వినలేదు. దానికి తోడు ముందు రోజు వాన పడి నేల మెత్తబడింది. చెక్కల కింద నిలబెట్టిన సరుగుడు కర్రలు ఒకటి రెండు దిగబడ్డాయి. అలా మా ఇంటి లోకప్పు ఒక మూల నుంచి ఇంకో మూలకు జారుతూ పోయి, బాత్రూములో మాత్రం చిన్న బొజ్జ కూడా పెంచుకుంది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే మా ఆయన, ఆ వాస్తు బాగుండబట్టే మనం ఇట్టా ఉన్నామంటాడు. ఎట్టా ఉన్నామని నేను అడగను, ఆయనా చెప్పడు.

టైల్స్ కొనడానికి ఊళ్లో షాపుకు నేనే వెళ్లాను. పల్చటి బూడిదరంగు గీతలున్న తెల్ల టైలు ఒకటి నచ్చింది. ఆ డిజైను ఇక రావడం లేదు, ఉన్నవి ఇవే, మీ గోడలకు సరిపోతాయి అన్నాడు షాపాయన. టైల్స్ కొన్నవాళ్లకు మేస్త్రీని చెప్పేది కూడా ఆయనే. ఆయన మాట మీదే ఈ చుట్టుపక్కల టైల్స్ పని నడుస్తుంది.

నేను వెళ్లేసరికి ఎ.కొండూరు నుంచి వచ్చిన భార్యాభర్తలిద్దరు ఆయన టేబులు ముందు నిలబడి ఉన్నారు. భర్త పేరున్న టైల్స్ మేస్త్రీ. మా వీధిలోనే రెండు ఇళ్లకు ఆయన వేసిన పని ఉంది. ఇప్పుడు చేతులకు తెల్ల నూలు తొడుగులు వేసుకుని ఉన్నాడు. సిమెంటు పడక చేతుల చర్మం పగిలి రక్తం కారుతోందట. ఇక జన్మలో సిమెంటు ముట్టుకోవద్దన్నాడట డాక్టరు. భార్యకు ముప్పై ఐదు దాటి ఉండవు. పన్నెండేళ్లుగా ఆయన వెంట తిరిగి సిమెంటు మాలు కలిపి, టైల్స్ మోసి, అందించినావిడ. ఇక మీదట పని తను వేస్తానని, ఒక్క ఇల్లు ఇప్పించమని ఆవిడ అడుగుతోంది.

షాపాయన నవ్వాడు. ఆడవాళ్లు టైల్స్ మోస్తారు గానీ వేస్తారా అన్నాడు. నేనూ నవ్వుతాననుకున్నాడేమో, నావైపు తిరిగి, ఏం టీచరుగారూ, మీ ఇంట్లో వేయిస్తారా అని అడిగాడు. ఆ నవ్వు నేనెరుగుదును. నేను పదో తరగతికి లెక్కలు చెబుతానన్న రోజున స్టాఫ్ రూములో సరిగ్గా ఇదే నవ్వు విన్నాను. వేయిస్తాను అన్నాను.

ఇది మంచితనం అనుకునేరు, కానే కాదు. ఒట్టి కోపం. అప్పటికి ఆవిడకు టైలు పట్టుకోవడం వచ్చో రాదో కూడా నాకు తెలియదు. షాపాయన నవ్వు ఆపి ఆవిడతో, సరే, టీచరుగారి పని బాగా వస్తే నా దగ్గర కొన్నవాళ్లందరికీ నిన్నే చెబుతా, బాగా రాకపోతే మళ్లీ ఈ మెట్లెక్కొద్దు అన్నాడు. ఆవిడ తలూపింది. అంటే మా బాత్రూము కుదిరితే ఆవిడ మేస్త్రీ, కుదరకపోతే మళ్లీ ఎవరి దగ్గరో ఇసక తట్టలు మోసే కూలీ. మా స్లాబు ఎంత వంకరో అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాల్సింది. నోరు విప్పలేదు.

మర్నాడు ఏడింటికల్లా ఇద్దరూ ఆటో దిగారు. ఆవిడ చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని తలకు తువ్వాలు చుట్టుకుంది. తాపీకి పసుపు రాసి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. ఆయన మాత్రం లోపలికి రాలేదు, వరండాలో కుర్చీ వేస్తే అందులో కూర్చున్నాడు. పనైనన్నాళ్లూ గడప దాటనని భార్యకు మాటిచ్చాడట. దాటితే నోరు ఊరుకోదు, నోటి వెనకే చెయ్యీ ఊరుకోదు. అయినా ఇంట్లో ఒక్కడే కూర్చోలేక రోజూ ఆవిడతో వచ్చేవాడు.

పాత టైల్స్ పీకడానికే రెండు రోజులు పట్టింది. మూడో రోజు ఆవిడ సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి ఒక కొస నా చేతికిచ్చి, నీళ్లు కదలకుండా పట్టుకోమంది. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలిచిన చోటల్లా గీత పెడుతూ నాలుగు గోడలూ తిరిగింది. తర్వాత స్టూలెక్కి, ఆ గీత నుంచి స్లాబుకు ఎంతుందో అడుగడుక్కీ కొలిచి గోడ మీదే పెన్సిలుతో రాసుకుంది. రాసినవన్నీ ఒకసారి చూసుకుని, కిందికి దిగి, ఈ స్లాబు ఎవరు పోయించారండీ అని అడిగింది.

దాచి లాభం లేదు గనక మామగారి కథంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. పెద్దాయన పట్టినపట్టు విడిచే మనిషి కాదన్నమాట అంది. తర్వాత, షాపులో ఉన్నప్పుడే మీకు తెలుసా అంది. తెలుసన్నాను. అంగుళంన్నర తేడా ఉంది, బొజ్జ దగ్గర ఇంకో అర అని లెక్క చెప్పి స్టూలు పక్కన పెట్టింది.

ఆ పూటే మా ఇద్దరికీ మొదటి గొడవ. పని ఎక్కడన్నా నిండు టైలుతో మొదలవుతుందని నా నమ్మకం. నేలమీద మొదటి వరస నిండుగా ఉండాలి, పైన ఎంత మిగిలితే అంత ముక్క పెట్టుకోవాలి. ఈవిడేమో మొదటి వరస టైల్సునే ఐదంగుళాలకు కోయడం మొదలుపెట్టింది. నిండు టైల్సును ఆదిలోనే ముక్కలు చేస్తావేంటమ్మా, ఇక రావు అవి, అని గట్టిగానే అన్నాను. ఆవిడ కోత మిషను ఆపి, ఒక్కసారి లెక్కేసి చూడండి టీచరుగారూ అంది. లెక్కేసి చూడమని నాకు చెప్పింది. విసురుగా వంటింట్లోకి వచ్చేశాను.

వచ్చానే గానీ మనసాగదు. పాల లెక్క రాసుకునే కాయితం వెనక లెక్కేశాను. పన్నెండంగుళాల టైలు. నేలనుంచి నిండుగా పేర్చుకుంటూ పోతే స్లాబు కింద మిగిలేది ఒక మూల మూడంగుళాలు, ఎదురు మూల నాలుగున్నర. కింద ఐదంగుళాల ముక్కతో మొదలెడితే పైన ఒక మూల పదంగుళాలు, ఎదురు మూల పదకొండున్నర. తేడా రెంటిలోనూ అంగుళంన్నరే. కానీ మూడు పక్కన అంగుళంన్నర అంటే సగం, గుడ్డివాడిక్కూడా కనపడుతుంది. పది పక్కన అంగుళంన్నర అంటే దాదాపు ఏడో వంతు, వెతుక్కుంటే తప్ప కంటికి ఆనదు. కింది ముక్కల ముందు ఎటూ బకెట్లూ స్టూలూ ఉంటాయి. నేల ఎలాగూ తూము వైపు వాలుగా ఉంటుంది గనక ఆ వరస కోయక తప్పదు. నిష్పత్తి అనే పాఠాన్ని నేను ఎన్ని వందల మందికి చెప్పానో లెక్కలేదు. అది గోడ మీద ఇలా ఉంటుందని నాకు ఒక్కరోజు కూడా తట్టలేదు.

వెళ్లి, నువ్వన్నదే రైటు అన్నాను. ఆవిడ సరేనండీ అని మిషను ఆన్ చేసింది. గెలిచినట్టు ఒక్క చూపు కూడా చూడలేదు. నేనైతే వారం రోజులు చూసేదాన్ని.

అక్కణ్ణించి నేను ఆ బాత్రూము గుమ్మం వదల్లేదు. కూర మాడిందని మా ఆయన కేకలేసినా లేవలేదు. ఆవిడ పనిలో తొందర లేదు, ఆగడమూ లేదు. టైలు వెనక మాలు పట్టించి, గోడకు ఆనించి, రెండు చేతులతో కాస్త అటూ ఇటూ కదిలించి కూర్చోబెట్టేది. రసమట్టం పెట్టి, లోపల గాలిబుడగ నడిమికి వచ్చిందాకా తాపీ పిడితో తట్టేది. ఆపైన టైలంతా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేది. ఎక్కడన్నా డొల్ల మోత వస్తే ఆ టైలు ఊడదీసి మళ్లీ వేసేది. ఒకసారి నాకు ఏ తేడా వినపడలేదు, ఇది బాగానే ఉందిగా అన్నాను. ఊడదీసి చూపించింది. వెనక అరచేతి మేర మాలు అంటలేదు. ఆ రోజు నుంచి బాగుంది అనే మాట ఆవిడ అన్నాకే నేనూ అనడం నేర్చుకున్నాను.

మధ్యాహ్నం వరండాలో క్యారేజీ విప్పుకునేవాళ్లు. పగుళ్లకు కారం తగిలితే మంటని ఆయన చెంచాతో తినేవాడు. మూల కుదిరిందా అని అడిగేవాడు. కుదిరింది అనేది. అంతకు మించి పని మాట ఉండేది కాదు. ఆయన విజయవాడ బస్సులు పోయే రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాడు. లోపల మిషను మోగినప్పుడల్లా తొడుగుల్లోని వేళ్లు కదిలేవి. చూడలేక నేను లోపలికి వచ్చేసేదాన్ని.

పైవరస ఒక్కటే మిగిలిన నాటి సాయంత్రం వాళ్లు వెళ్లాక, నేను స్టూలెక్కి చూశాను. చూసి భయపడ్డాను. వరసలన్నీ గీత గీసినట్టు మట్టంగా ఉండటంతో, వాటి మీద స్లాబు మునుపెన్నడూ లేనంత వంకరగా కనపడుతోంది. బొజ్జ అయితే ఇప్పుడే రాలిపడేట్టుంది. ఇన్ని రోజులు నేను కళ్లారా చూసిన పనితనం ఆ నిమిషాన ఏమైపోయిందో తెలియదు. షాపాయనకు ఫోన్ చేశాను. ఒకసారి వచ్చి చూసి పొమ్మన్నాను. ఆవిడతో ఒక్క మాట అనలేదు.

షాపాయన పొద్దున్నే వచ్చాడు. ఆవిడ పెరట్లో మాలు కలుపుతోంది. లోపలికి వచ్చి తలెత్తి చూసి, ఇది అయ్యే పని కాదు టీచరుగారూ అన్నాడు. వరస అక్కడితో ఆపేసి, పైన ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పట్టీ వెడల్పుగా కొడితే వంకర మూసుకుపోతుంది, ఎవరైనా చేసేది అదే, రేపు నా మనుషుల్ని పంపిస్తా అన్నాడు. ఆవిరికి ఆ పట్టీ మాత్రం ఉబ్బదా అని నేను అడగబోతుండగా గుమ్మంలో అలికిడైంది. ఆవిడ మాలు బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ బకెట్టు కింద పెట్టి నాతోనే మాట్లాడింది.

"అనుమానం వస్తే నన్నడగొచ్చు గదండీ. నేను ఇక్కడే ఉన్నాగా."

ఆవిడ షాపాయన వైపు తిరిగి, ఇవాళ సాయంత్రం దాకా ఆగండి, బాగా రాకపోతే నా చేత్తో నేనే పీకి, మీ పట్టీకి గోడ చదును చేసిచ్చి పోతా అంది. ఆయన నన్ను చూశాడు. ఆగుదాం అన్నాను. నేను చేసిన వెధవ పనికి ఆపాటి మాటైనా అనకపోతే ఎలా. సాయంత్రం వస్తానని ఆయన వెళ్లిపోయాడు.

పైవరసకు పదహారు ముక్కలు కావాలి. మిగిలినవి పద్దెనిమిది టైల్స్. ఊళ్లోనే కాదు, ఇక ఎక్కడా అవి దొరకవు.

ఆవిడ నన్ను పాత పేపర్లు అడిగింది. పేపరును టైలు వెడల్పుకు మడిచి, అడుగు అంచును కింది వరస మీద నిలబెట్టి, పై భాగాన్ని స్లాబుకూ గోడకూ మధ్య మూలలోకి నొక్కి, బొటనవేలి గోటితో ఆ మూల వెంబడి మడత పెట్టింది. దింపి, ఆ మడత మీద కత్తెరతో కోసింది. స్లాబు ఎక్కడ ఎలా వంగిందో అలాగే వచ్చింది కాయితం. పెళ్లికి ముందు జాకెట్లు కుట్టేదాన్నండి, ఇదీ అంతే, ముందు కాయితం కోసుకుంటే గుడ్డ పాడవదు అంది. ఇట్టా చేయడం మీ ఆయన నేర్పాడా అని అడిగాను. ఆవిడ తలడ్డంగా ఊపి ఇంకో పేపరు తీసుకుంది. పదహారు కాయితాలకూ అంకెలు వేసి వరసగా మంచం మీద పరిచింది.

టైలు మీద కాయితం పెట్టి గీత గీసేటప్పుడు మాత్రం ఒక పావలా బిళ్ల మందం లోపలికి గీసేది. ఎందుకంటే, టైలును స్లాబుకు బిగించి పెట్టకూడదట. మన మే నెల ఎండకు స్లాబు సాగుద్దండీ, దానికి కాస్త చోటివ్వకపోతే టైల్సును నెట్టి ఊడగొట్టుద్ది అంది. ఆ సందును చివర్లో తెల్లసిమెంటుతో కాకుండా, సాగే జిగురుతో నింపుతుందట. మా స్లాబుతో ఇన్నేళ్లు కాపరం చేశాం, దానికి చోటివ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

వెంటిలేటరు పక్క ముక్క కోస్తుంటే ఒక టైలు మూల విరిగింది. పదిహేడు మిగిలాయి. ఆవిడ విరిగినదాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది. టైల్స్ నేనందిస్తే ఆవిడ నడుముకు కాస్త సుఖంగా ఉంటుందని నేనొక టైలు పట్టుకొచ్చాను. గుమ్మంలో తిరుగుతూ కుళాయికి కొట్టాను. చేతిలో సగం మిగిలింది, సగం కింద పడి చితికింది. ఆవిడ స్టూలు మీది నుంచి చూసి, కాళ్లు జాగ్రత్తండీ, పెంకులున్నాయి అంది. అంతే. నా క్లాసులో ఎవరన్నా స్కేలు విరగ్గొడితే నేను ఎన్ని మాటలనేదాన్నో గుర్తొచ్చి సిగ్గేసింది. ఇక ముక్కకు ముక్క, ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

మిగతావన్నీ కుదిరాక ఆవిడ బొజ్జ దగ్గరి ముక్కను ఆఖరున పట్టుకుంది. దాని పై అంచు తిన్నగా ఉండదు, నెలవంకలా లోపలికి వంగాలి. మిషనుతో ఒక్క ఊపులో కోస్తే అక్కడే పగులుతుంది. అందుకని ఆవిడ మిషను ఆపేసి నేల మీద కూర్చుంది. ఒళ్లో తువ్వాలు పరిచి, దాని మీద టైలు పెట్టుకుని, పట్టకారతో గోరంత గోరంత కొరుకుతూ పోయింది. కాసేపు కొరకడం, కాసేపు సానరాయితో రుద్దడం, కాయితం పెట్టి చూడటం, మళ్లీ రుద్దడం. గంటకు పైనే పట్టింది. నేను ఊపిరి గట్టిగా తీసుకుంటే ఎక్కడ పగులుతుందోనన్నట్టు గుమ్మంలో బిగుసుకుపోయి కూర్చున్నాను. వరండాలో కుర్చీ చప్పుడు కూడా లేదు. ఆవిడ లేచి, స్టూలెక్కి, ఆ ముక్కను పైకి జరిపింది. తాపీ పిడితో నాలుగు సార్లు తట్టి, కణుపుతో కొట్టి విని, దిగింది.

నేను తలెత్తి చూశాను. స్లాబు వంకరగా లేదు. ఉంది, నాకు తెలుసు, కొలతలు నా కళ్ల ముందే రాసింది. కానీ గోడ మీది తెల్లదనం ఒకే సన్నటి సందు వదిలి స్లాబు వెంబడే సాగుతుంటే, అది అలాగే ఉండాలని ఎవరో అనుకుని పోసినట్టుంది. మా మామగారు బతికుంటే, చూశావా, నేను చెప్పలేదూ అనేవాడు. నాకు కళ్లు చెమర్చాయి. బాగుంది అని ఆవిడ అనేదాకా ఆగాలన్న సంగతి మర్చిపోయి, నేనే ముందు అనేశాను.

సాయంత్రం షాపాయన వచ్చాడు. జేబులోంచి సెల్ తీసి లైటేసి నాలుగు మూలలూ చూశాడు. స్టూలెక్కి బొజ్జ దగ్గర అంచు వెంబడి వేలు పెట్టి జరిపాడు. దిగి వరండాలోకి వచ్చి, కుర్చీలోంచి లేచి నిలబడ్డ భర్తతో, భలే నేర్పావయ్యా మీ ఆవిడకు, నీ చేతిపని ఎక్కడికీ పోలేదు, రేపు షాపుకు రా, పెద్ద ఇల్లొకటి ఉంది మాట్లాడుకుందాం అన్నాడు. ఆవిడ ఆ పక్కనే పనిముట్లు కడుగుతోంది. తల ఎత్తలేదు.

ఆఖరి టైలు పడ్డ రోజున మేస్త్రీకి బట్టలు పెట్టడం మాకు ఆనవాయితీ. నేను పొద్దుటి తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో అప్పటికే పళ్లెం సిద్ధం చేసి ఉంచాను. పళ్లెంలో ప్యాంటు గుడ్డ, చొక్కా గుడ్డ, పళ్లు, ఆకూ వక్కా పెట్టాను. ఆవిడ కోసం పక్కన ఒక జాకెట్టు ముక్క. ఆ పళ్లెం తీసుకెళ్లి ఆయన ముందు పట్టాను. చేస్తున్నదేమిటో నాకు తెలియనే లేదు. గుమ్మంలో కూర్చుని రోజుల తరబడి చూసినదాన్ని, షాపాయన నవ్వుకు మండిపడ్డదాన్ని, నేనే తీసుకెళ్లి మగవాడి చేతికివ్వబోయాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పగుళ్లకు సిగ్గుపడుతున్నాడనుకుని, ఫర్వాలేదు తీసుకోవయ్యా అన్నాను.

"చేతుల గురించి కాదండి," అన్నాడు. నాతో మొదలుపెట్టినా చూపు షాపాయన మీదుంది. "ఇట్టాంటి పైవరస నేను ఒక్క ఇంట్లో కూడా వెయ్యలేదు. స్లాబు వంకర వచ్చిన చోటల్లా పట్టీ కొట్టి మూసేశా. అన్ని ఇళ్లలోనూ అంతే. ఆ కాయితం మడతపెట్టడం నాకెప్పుడో చెప్పింది, నేనే వినలేదు. నేర్పలేదండీ నేను. మేస్త్రీ ఆవిడ, ఆవిడకివ్వండి."

పేరున్న మనిషి. ఆ పేరే ఆయనకు మిగిలింది. దాన్ని, పనులిచ్చే మనిషి ముందు నిలబడి, తొడుగులున్న ఆ రెండు చేతులతో తీసి భార్యకిచ్చేశాడు. ఇంత మాట అనగలిగిన మగవాణ్ణి నేను మళ్లీ ఎక్కడ చూస్తానో తెలియదు. ఆవిడ తాపీ కడుగుతున్నదల్లా ఆగి ఆయన్ను చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ తాపీ అందుకుంది.

నేను లోపలికి వెళ్లి ఆ గుడ్డలు బీరువాలో పడేసి, మడత విప్పని పట్టుచీర ఒకటి తీసుకొచ్చాను. ఆవిడ చేతులు తుడుచుకుని లేచింది. బొట్టు పెట్టి, తప్పైపోయిందమ్మా అని పళ్లెం ఇచ్చాను. రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

షాపాయన గొంతు సవరించుకుని ఆవిడ వైపు తిరిగాడు. అయితే రేపు పొద్దున షాపుకు వస్తావామ్మా అని అడిగాడు.

"రేపు కుదరదండి," అంది. "ఇక్కడ సందులు నింపాలి, అవి ఆరాక కడగాలి. ఎల్లుండి తొమ్మిదింటికి వస్తాను."

షాపాయన ఎల్లుండే రమ్మన్నాడు.